హెచ్‌పీవీని యాంటీబాడీలు ఎలా గుర్తుపడతాయి, ఎలా ఆపుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిల్లోమా వైరస్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చేది. దాని టీకా గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లల తల్లులు. ఎన్ని డోసులు, ఎంత ఖర్చు, ఏ వయసులో అని మొదలవుతుంది మాట. కాసేపయ్యాక అసలు ప్రశ్న వస్తుంది: "ఇంతకీ అది లోపలికెళ్లి ఏం చేస్తుందండీ?" దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపేయడం నాకెప్పుడూ తృప్తిగా అనిపించలేదు. అందుకే ఈ పేజీ కాస్త పొడుగు.

అసలు ఈ వైరస్ చూడ్డానికి ఎలా ఉంటుంది?

పూలచెండులా ఉంటుంది. నందివర్ధనం పువ్వుకు ఐదు రేకులుంటాయి కదా. అలాంటి పూలు 72 తెచ్చి, సందు లేకుండా గుండ్రటి చెండు కట్టారనుకోండి. దాదాపు హెచ్‌పీవీ అదే. ఒక్కో రేకు ఒక్కో ప్రొటీన్. దాని పేరు ఎల్1. ఐదు ఎల్1లు కలిస్తే ఒక పువ్వు, 72 పూలు కలిస్తే వైరస్ పైతొడుగు. లెక్క కడితే మొత్తం 360 రేకులు. ఈ చెండు అడ్డకొలత 55 నానోమీటర్లకు అటూ ఇటూ. తలవెంట్రుక మందంలో ఇలాంటివి వెయ్యికి పైగా వరసగా పడతాయి.

ఎల్2 అని ఇంకో ప్రొటీన్ కూడా ఉంది. అది పూల అడుగున, చెండు లోపల దారంలా దాక్కుని ఉంటుంది. బయటికి దాదాపు కనపడదు. దీని సంగతి తర్వాత వస్తుంది, గుర్తుపెట్టుకోండి. చెండు మధ్యలో సుమారు 8,000 అక్షరాల డీఎన్‌ఏ గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది.

కోవిడ్ వైరస్‌కు బయట కొవ్వు పొర ఉండేది. సబ్బుకు కరిగిపోయింది అదే. హెచ్‌పీవీకి ఆ పొర లేదు. ఒట్టి ప్రొటీన్ తొడుగే, అందుకే గట్టిది. వైరస్‌ను పట్టుకోవడానికి మన శరీరం తయారుచేసే ప్రొటీన్‌ను యాంటీబాడీ అంటారు. దానికి చిక్కేది కూడా ఆ తొడుగే.

యాంటీబాడీ ఈ చెండులో దేన్ని పట్టుకుంటుంది?

రేకుల కొసల్ని. ఎల్1 ప్రొటీన్‌లో ఎక్కువ భాగం గట్టిగా మడతలు పడి లోపల ఉంటుంది. పైకి మాత్రం ఐదు మెత్తటి లూపులు పొడుచుకొచ్చి ఉంటాయి. శాస్త్రవేత్తలు వాటిని బీసీ, డీఈ, ఈఎఫ్, ఎఫ్‌జీ, హెచ్‌ఐ లూపులు అంటారు. మడతలకు వరసగా అక్షరాలు పెట్టుకుంటూ పోతే వచ్చిన పేర్లే ఇవి, వేరే అర్థమేమీ లేదు.

యాంటీబాడీ ఇంగ్లీషు "వై" అక్షరంలా, అంటే మన పంగలకర్రలా ఉంటుంది. ఆ పంగ రెండు కొసల్లోనూ వైరస్‌ను పట్టుకునే చోట్లుంటాయి. ఆ కొసల గుంటలు, ఉబ్బులు లూపుల గుంటలకూ ఉబ్బులకూ సరిగ్గా సరిపోతే అతుక్కుంటుంది. చాలా యాంటీబాడీలు ఒక్క లూపుతో సరిపెట్టుకోవు. పక్కపక్కనున్న రెండు రేకుల లూపుల్ని కలిపి పట్టుకుంటాయి. అంటే రేకులు విడివిడిగా ఉన్నప్పుడు ఆ చోటే ఉండదు. పువ్వుగా అమరితేనే తయారవుతుంది.

అంటే ప్రొటీన్ ఉంటే చాలదు, ఆకారం కూడా ఉండాలా?

ఉండాలి. ఈ కథంతా అక్కడే ఉంది.

ఎల్1ను వేడిచేసి మడత విప్పేసి ఎలుకకు ఇస్తే యాంటీబాడీలు వస్తాయి. అవి విప్పిన ఎల్1ను చక్కగా పట్టుకుంటాయి. కానీ అసలు వైరస్ ఎదురైతే గుర్తుపట్టలేవు. కోడిగుడ్డు ఉడికాక తెల్లసొన మళ్లీ నీళ్లలా మారనట్టే, ఆకారం పోయిన ప్రొటీన్ రోగనిరోధక వ్యవస్థకు తప్పు పాఠం చెబుతుంది.

1980ల చివర్లో టీకా ప్రయత్నాలు నడక సాగించలేకపోయిన కారణాల్లో ఇదొకటి. హెచ్‌పీవీని మామూలు కణాల్లో పెంచడం కుదరదు. చర్మం పొరలు పొరలుగా ఎదుగుతుంటేనే అది పెరుగుతుంది. మరి ఆకారం చెడకుండా తొడుగు ఎక్కడి నుంచి తేవాలి? 1991లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో జియాన్ ఝౌ, ఇయాన్ ఫ్రేజర్ దారి చూపించారు. తొడుగు ప్రొటీన్ల జన్యువుల్ని వేరే కణాల్లో పెట్టి చేయిస్తే, అవి వాటంతటవే చెండుగా కట్టుకున్నాయి. లోపల డీఎన్‌ఏ లేదు. ఒట్టి డొల్ల. దీన్నే వైరస్‌ను పోలిన కణిక, వీఎల్‌పీ అంటారు.

మరుసటి ఏడాది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో జాన్ షిల్లర్, డగ్లస్ లోవీ, రైన్‌హార్డ్ కిర్న్‌బావర్ ఎల్1 ఒక్కటున్నా చెండు తయారవుతుందనీ, దానికి వచ్చే యాంటీబాడీలు వైరస్‌ను ఆపుతాయనీ చూపించారు. మొదట పశువుల పాపిల్లోమా వైరస్‌తో తేలిన సంగతి ఇది. మనుషులకొచ్చే హెచ్‌పీవీ రకాల్లో క్యాన్సర్ తెచ్చే 16వ రకంతో చేస్తే మాత్రం చెండ్లు చాలా తక్కువగా వచ్చాయి. కారణం వెతికితే దొరికింది: అప్పటిదాకా ప్రపంచమంతా వాడుతున్న 16వ రకం జన్యువు క్యాన్సర్ గడ్డ నుంచి తీసింది. అందులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి ఉంది. క్యాన్సర్‌గా మారని పుండు నుంచి తీసిన జన్యువుతో చేస్తే చెండ్లు కుప్పలుగా వచ్చాయి. క్లాసులో ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ పిల్లలు ఒక్క క్షణం ఆగిపోతారు. నేనూ ఆగుతాను.

అతుక్కుంటే చాలా? వైరస్ ఆగిపోయినట్టేనా?

కాదు. అతుక్కోవడం వేరు, ఆపడం వేరు. అది అర్థం కావాలంటే వైరస్ ప్రయాణం తెలియాలి.

హెచ్‌పీవీ పై చర్మం మీద పడి నేరుగా లోపలికి వెళ్లలేదు. కంటికి కనిపించనంత చిన్న గీత, ఒరుసుకుపోయిన చోటు కావాలి. ఆ సందులోంచి అడుక్కి వెళ్లి, చర్మకణాలు నిలబడే పునాది పొర మీద పడుతుంది. అక్కడ హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులకు అంటుకుంటుంది. అంటుకున్నాక చెండు కొద్దిగా సడలుతుంది. అప్పుడు లోపల దాక్కున్న ఎల్2 తలభాగం బయటికి వస్తుంది. ఫ్యూరిన్ అనే మన ఎంజైమ్ దాని కొసను కత్తిరిస్తుంది. గాయం మానడానికి పక్కనుంచి పాకుతూ వచ్చే అడుగుపొర కణం మీదికి వైరస్ అప్పుడు మారుతుంది. ఆ కణం దాన్ని మింగుతుంది. చివరికి కణం రెండుగా విడిపోయే సమయం చూసి వైరస్ డీఎన్‌ఏ కేంద్రకంలోకి చేరుతుంది.

చాలా వైరస్‌లతో పోలిస్తే ఇది నత్తనడక. గంటలకొద్దీ పడుతుంది. అంతసేపూ వైరస్ చర్మకణం బయటే, యాంటీబాడీకి అందేచోటే ఉంటుంది. హెచ్‌పీవీ టీకా ఇంత బాగా పనిచేయడానికి యాంటీబాడీ బలం ఎంత కారణమో, వైరస్ నిదానం కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

ఆ ప్రయాణంలో యాంటీబాడీ ఎక్కడ అడ్డుపడుతుంది?

ఒక్కో యాంటీబాడీ ఒక్కో చోట. 16వ రకం మీద బాగా పరిశీలించిన మూడు యాంటీబాడీలున్నాయి: వీ5, ఈ70, యూ4. వీ5, ఈ70 పూల కొసల మీద కూర్చుంటాయి. యూ4 మాత్రం పువ్వుకూ పువ్వుకూ మధ్య ఉన్న లోయలోకి దిగి, ఎల్1 తోకభాగాన్ని పట్టుకుంటుంది.

2007లో వచ్చిన ఒక అధ్యయనం ప్రయోగశాలలో పెంచిన చర్మకణాల మీద వీటిని పరీక్షించింది. యూ4 పట్టుకున్న వైరస్ చర్మకణానికి అంటుకోలేకపోయింది. హెపరాన్ సల్ఫేట్‌కు అంటుకునే చోట్లు కొన్ని ఆ లోయలోనూ ఉన్నాయి మరి. ఇది అందరూ ఊహించేదే. వింత వీ5, ఈ70లతో వచ్చింది. ఇవి చాలా బలమైన యాంటీబాడీలు. అయినా వైరస్ చర్మకణానికి అంటుకోవడాన్ని ఆపలేదు. అంటుకుంది, అక్కడే ఉండిపోయింది, లోపలికి మాత్రం పోలేకపోయింది. ఇంటిదాకా వచ్చి, గడప మీద కాలు పెట్టి, తలుపు తెరుచుకోక నిలబడిపోయిన చుట్టంలాగా.

ఎలుకల్లో చూస్తే యాంటీబాడీ మోతాదును బట్టి కూడా తేడా కనిపించింది. ఎల్1 యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే వైరస్ పునాది పొరకే అంటలేదు. తక్కువగా ఉంటే పునాది పొర మీద పడింది కానీ, కణం మీదికి మారలేదు. రెండింటిలోనూ ఇన్ఫెక్షన్ రాలేదు. అందుకే "యాంటీబాడీలు తగ్గిపోతే?" అని టెన్షన్ పడేవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: ఈ వైరస్ విషయంలో కొద్దిపాటివీ పనికొస్తాయి.

టీకా భుజానికి వేస్తారు, వైరస్ వచ్చేది గర్భాశయ ముఖద్వారానికి. అక్కడికి ఎలా చేరతాయి?

రెండు దారులు. గర్భాశయ ముఖద్వారం దగ్గర రక్తంలోని ఐజీజీ రకం యాంటీబాడీలు స్రావంలోకి కొద్దికొద్దిగా ఎప్పుడూ ఊరుతూనే ఉంటాయి. రెండోది ఇంకా ముఖ్యం. వైరస్‌కు లోపలికి దారిచ్చే గీత ఉంది కదా, ఆ గీత పడినప్పుడు రక్తరసం కూడా అక్కడికి ఊరుతుంది, యాంటీబాడీలతో సహా. దొంగ కన్నం వేసిన చోటే కాపలావాడు లేచి కూర్చుంటాడన్నమాట.

ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గితే సహజంగానే రక్షణ వస్తుంది కదా? టీకా ఎందుకు?

తట్టుకు, ఆటలమ్మకు ఆ మాట చెల్లుతుంది. దీనికి చెల్లదు.

హెచ్‌పీవీ రక్తంలోకి రాదు. కణాల్ని పగలగొట్టి గోల చేయదు, కాబట్టి వాపూ జ్వరమూ ఉండవు. తొడుగు ప్రొటీన్లను చర్మం పై పొరల్లో, రాలిపోబోయే కణాల్లో మాత్రమే తయారుచేస్తుంది. రోగనిరోధక కణాలు తిరిగేది కింద, చెండ్లు తయారయ్యేది పైన. ఇన్ఫెక్షన్ వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి అసలు కొలవగలిగినన్ని యాంటీబాడీలే రావు. వచ్చినా నెలలు పడుతుంది, అవీ కొద్దిగానే. మగవాళ్లలో ఇంకా తక్కువ.

మరి టీకాకు అన్ని యాంటీబాడీలు ఎందుకొస్తాయి?

టీకా చెండును నేరుగా కండలోకి ఇస్తుంది. అక్కడి నుంచి లింఫు గ్రంథులకు చేరుతుంది. 360 రేకులు ఒకే తీరుగా, ఒకే ఎడంతో అమరి ఉండటం యాంటీబాడీలు తయారుచేసే మన బీ కణాలకు పెద్ద హెచ్చరిక. మన శరీరంలో స్వంత ప్రొటీన్లు ఇలా బారులు తీరి ఉండవు. బారులు తీరి ఉంటే అది వైరసో బాక్టీరియానో అయ్యుండాలి. బీ కణం మీదున్న గ్రాహకాలు ఒకేసారి చాలా చోట్ల చెండుకు తగులుకుంటాయి, కణం గట్టిగా మేల్కొంటుంది. దాని సంతతిలో కొన్ని ఎముక మజ్జలో స్థిరపడి ఏళ్ల తరబడి యాంటీబాడీలు చేస్తూనే ఉంటాయి.

రక్తంలో కొలిస్తే మూడు డోసుల తర్వాత, ఏడో నెలలో శిఖరం కనిపిస్తుంది. తర్వాత ఒకటి రెండేళ్లు దిగుతుంది, ఆపై దాదాపు సమంగా నిలబడుతుంది. చాలా ప్రొటీన్ టీకాలకు ఇలా నిలబడే అలవాటు లేదు.

టీకాలో వైరస్ ఉంటుందా? దానివల్లే హెచ్‌పీవీ రాదా?

రాదు. డీఎన్‌ఏ లేని డొల్ల చెండ్లు మాత్రమే ఉంటాయి. గార్డసిల్ అనే టీకాకు వాటిని ఈస్ట్‌లో, అంటే పిండిని పులియబెట్టే సూక్ష్మజీవిలో చేస్తారు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వావాక్‌కు కూడా ఈస్టే, రకం వేరు. సెర్వారిక్స్ అనే ఇంకో టీకాకు కీటకాల కణాలు వాడతారు.

16వ రకానికి వచ్చిన యాంటీబాడీ 18వ రకాన్ని ఆపుతుందా?

సాధారణంగా ఆపదు. హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. ఎల్1 జన్యువులో పది శాతానికి మించి తేడా ఉంటేనే కొత్త రకం అంటారు. ఆ తేడాల్లో ఎక్కువ భాగం పేరుకుపోయేది సరిగ్గా లూపుల్లోనే. దగ్గరి చుట్టాల మధ్య మాత్రం కొంత పోలిక ఉంటుంది: 16కు 31, 18కి 45. అందుకే కొంచెం అదనపు రక్షణ కనిపిస్తుంది, దాని మీద ఆధారపడలేం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. అందుకే 2006లో వచ్చిన మొదటి టీకాలోనే అవి ఉన్నాయి, పులిపిర్లు తెచ్చే 6, 11 రకాలతో పాటు. 2014లో అనుమతి పొందిన తొమ్మిది రకాల టీకాలో 31, 33, 45, 52, 58 కలిపారు. ఒక్కో రకానికి ఒక్కో చెండు కలపాల్సిందే. అడ్డదారి లేదు.

నిజానికి ఒక అడ్డదారి కోసం వెతుకుతున్నారు. ఎల్2 గుర్తుందా? దాని తలభాగం చాలా రకాల్లో దాదాపు ఒకేలా ఉంటుంది. ఆర్‌జీ-1 అనే యాంటీబాడీ పట్టుకునేది దాన్నే. అయితే ఎల్2 వైరస్ మీద మామూలుగా కనపడదు, ఫ్యూరిన్ కోత పడ్డాకే దొరుకుతుంది. పైగా ఎల్2ను ఒంటరిగా ఇస్తే శరీరం పెద్దగా పట్టించుకోదు. ఆ చిన్న ముక్కను ఎల్1 చెండు మీద కుట్టి బారులు తీర్చే ప్రయత్నాలు నడుస్తున్నాయి.

మూడు డోసులన్నారు, రెండన్నారు, ఇప్పుడు ఒక్కటి చాలంటున్నారు. ఏది నమ్మాలి?

ఈ జవాబులో మన ఖమ్మం ఉంది.

2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపింది. ఖమ్మంలో టీకా వేయించుకున్నవాళ్లలో గిరిజన హాస్టళ్ల బాలికలు చాలామంది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారని బయటపడింది. కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం తేల్చింది కానీ, అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. నా మటుకు నాకు ఆ రెండు మాటలూ నిజమే. టీకా ప్రాణాలు తీయలేదు. అడగకుండా వేయడం తప్పే.

2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపించింది. దాంతో పాటు దేశంలో వేరే చోట్ల, హైదరాబాద్‌తో సహా, నడుస్తున్న ఇంకో అధ్యయనంలోనూ టీకాలు ఆగిపోయాయి. అది రెండు డోసులు, మూడు డోసులు పోల్చడానికి మొదలుపెట్టింది. మధ్యలో ఆగడంతో దాదాపు 5,000 మంది బాలికలకు ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి గమనించారు. 2021లో వచ్చిన ఫలితాల్లో 16, 18 రకాలు తిష్ఠ వేయకుండా ఒక్క డోసు 95.4 శాతం, రెండు డోసులు 93.1, మూడు డోసులు 93.3 శాతం ఆపాయని తేలింది. అంటే తేడా లేనట్టే.

కోస్టారికా దేశంలో జరిగిన టీకా అధ్యయనంలోనూ ఇదే తీరు. నాలుగేళ్ల తర్వాత చూసినా, ఒక్క డోసు వేసుకున్నవాళ్లలో 16వ రకం యాంటీబాడీలు సహజ ఇన్ఫెక్షన్‌తో వచ్చేవాటికి తొమ్మిది రెట్లున్నాయి. మూడు డోసులకు వచ్చేవాటికంటే తక్కువే, కానీ ఆ తక్కువే సరిపోయింది. వీటన్నిటినీ చూసి 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక్క డోసు కూడా చాలని చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఇది వర్తించదు. వాళ్లకు ఎక్కువ డోసులు కావాలి. మీ డాక్టర్ రెండు డోసులు రాస్తే కంగారు పడకండి, ఆ పద్ధతి కూడా తప్పు కాదు.

ఇప్పటికే హెచ్‌పీవీ ఉందని తేలింది. టీకా వేయించుకుంటే పోతుందా?

పోదు. ఇది చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడటం కష్టంగా ఉంటుంది. యాంటీబాడీ పట్టుకునేది తొడుగును. ఇన్ఫెక్షన్ సోకిన అడుగుపొర కణంలో తొడుగే ఉండదు, వైరస్ డీఎన్‌ఏ మాత్రమే ఉంటుంది. క్యాన్సర్‌వైపు తోసే ఈ6, ఈ7 ప్రొటీన్లు కణం లోపల పనిచేస్తాయి, యాంటీబాడీ కణం లోపలికి వెళ్లలేదు. అక్కడ పని, వైరస్ సోకిన కణాల్ని గుర్తుపట్టి చంపే టీ కణాలది. కాకపోతే మీకు సోకింది ఒక రకమే అయితే, టీకాలోని మిగతా రకాల నుంచి రక్షణ వస్తుంది.

చాలామందిలో ఇన్ఫెక్షన్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతేనే ఇబ్బంది.

కోవిడ్‌లా ఇది కూడా రూపం మార్చుకుని తప్పించుకుంటుందా?

అంత తొందరగా కాదు. హెచ్‌పీవీ డీఎన్‌ఏ వైరస్. తన ప్రతులు తీయడానికి మన కణంలోని యంత్రాంగాన్నే వాడుకుంటుంది. ఆ యంత్రాంగం తప్పుల్ని దిద్దుకుంటూ పోతుంది. ఏటా కొత్త టీకా అవసరం రాదు.

యాంటీబాడీ టెస్ట్ చేయించి టీకా పనిచేసిందో లేదో తెలుసుకోవచ్చా?

అనవసరమైన ఖర్చు. పరిశోధనశాలల్లో రెండు రకాలుగా కొలుస్తారు. ఒకటి, మీ రక్తంలోని యాంటీబాడీలు వీ5 లాంటి తెలిసిన యాంటీబాడీతో ఎంత పోటీపడతాయో చూడటం. రెండోది, తొడుగులో వైరస్ డీఎన్‌ఏకు బదులు గుర్తుపట్టడానికి వీలైన వేరే జన్యువు పెట్టి నకిలీ వైరస్ చేసి, దాన్ని మీ రక్తరసం ఆపుతుందో లేదో చూడటం. రెండూ మంచివే. కానీ "ఇంత అంకె ఉంటే రక్షణ, ఇంతకంటే తగ్గితే లేదు" అని చెప్పే గీత ఏదీ ఇంతవరకు ఖరారు కాలేదు. టీకా వేసుకున్నవాళ్లలో ఇన్ఫెక్షన్లు అంత తక్కువ కాబట్టి, ఆ గీత గీయడానికి లెక్కకు దొరికేవాళ్లే తక్కువ.

మగపిల్లలకు అవసరమా?

పనిచేస్తుంది. గొంతు, మలద్వార క్యాన్సర్లు మగవాళ్లకూ వస్తాయి. డోసులు, డబ్బు పరిమితంగా ఉన్న చోట ముందు ఆడపిల్లలకు.

ఏ వయసులో వేయించాలి?

9 నుంచి 14 ఏళ్ల మధ్య. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వైరస్ ఎదురుకాకముందే యాంటీబాడీ అక్కడ ఉండాలి, అంతే. ఈ వయసు పిల్లల్లో యాంటీబాడీలు పెద్దవాళ్లకంటే ఎక్కువగా కూడా వస్తాయి. స్వీడన్‌లో 17 ఏళ్లలోపు టీకా వేసుకున్నవాళ్లలో ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో తేలింది. ఆలస్యంగా వేసుకున్నవాళ్లలో తగ్గుదల అంత లేదు.

నాకు 38 ఏళ్లు. పాపకు సరే, మరి నా సంగతి?

ఈ ప్రశ్న తలుపు దగ్గర, చెప్పులు వేసుకుంటూ అడుగుతారు. ముందే అడగండి అంటాను నేను. ప్రపంచ క్యాన్సర్ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో 1,27,000 మందికి పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది టీకా వయసు ఎప్పుడో దాటిపోయినవాళ్లే. మీకు కావలసింది స్క్రీనింగ్. 30 దాటాక హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష, అది దొరకని చోట ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ లేదా వెనిగర్ లాంటి పలచటి ఆమ్లం రాసి చూసే వీఐఏ పరీక్ష చేయించుకోవాలి. డీఎన్‌ఏ పరీక్షలో ఏమీ లేదని వస్తే ఐదేళ్ల దాకా మళ్లీ అక్కర్లేదు. పాపను టీకాకు తీసుకెళ్లిన రోజే మీ పరీక్షకు కూడా తేదీ అడిగి రండి.